వడపోత ఎప్పుడు? ఇక్కడి, బయటి మెడికల్ ఎంట్రన్సుల మీద ఒక ప్రసంగం

(బెంగళూరు మారతహళ్లిలో తెలుగు కుటుంబాల కోసం జరిగిన సభలో, మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన ఒక డాక్టర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, ముందు వరుసలో ఇంకా కుర్చీలున్నాయి. పిల్లల్ని వెంట తీసుకొచ్చినవాళ్ళకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. పరీక్ష రాయాల్సింది వాళ్ళు కాబట్టి ఈ మాటలు ముందు వాళ్ళ చెవిన పడాలి.

మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. నీట్ కన్నా తేలికైన ఎంట్రన్స్ ఏ దేశంలో ఉంది? రిటైరయ్యాక నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. ఈ ఒక్క గంట ఆ ప్రశ్నను పక్కన పెట్టండి. దాని బదులు ఇంకోటి అడుగుదాం. ఫలానా దేశం మన బిడ్డతో "నీకు సీటు లేదు" అని, లేదా "నువ్వు డాక్టరువు కాలేవు" అని చెప్పాల్సి వస్తే, ఆ మాట ఎప్పుడు చెబుతుంది? పదిహేడేళ్ళ వయసులోనా? ఇరవై రెండేళ్ళకా? ఇరవై ఐదేళ్ళకా? అప్పటికి ఇంట్లో ఎంత డబ్బు ఖర్చయి ఉంటుంది?

ఏ దేశమైనా డాక్టర్లను వడపోసే తీసుకుంటుంది. వడపోత లేని దేశం లేదు. ఒకరు గుమ్మం దగ్గర వడపోస్తారు, ఒకరు మధ్యలో, ఒకరు చివర్లో. ఎంట్రన్స్ లేదు అని మీకు ఎవరైనా చెబితే, వడపోత లేదని కాదు, ఇంకా మొదలు కాలేదని అర్థం. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దానికి వివరణ.

ముందు మన నీట్ సంగతి. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, దేశమంతటా ఒకేసారి జరుగుతుంది. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. మొత్తం 720. 2021 నుంచి 2024 దాకా సెక్షన్ బీలో చాయిస్ ఉండేది, 2025 నుంచి తీసేశారు. కంప్యూటర్ కాదు, కాగితం మీదే, ఓఎంఆర్ షీటులో గడి నింపాలి. 13 భాషల్లో రాయొచ్చు, అందులో తెలుగు ఉంది. ఎన్నిసార్లయినా రాయొచ్చు, గరిష్ఠ వయసు పరిమితి లేదు. అందుకే మన దగ్గర లాంగ్ టర్మ్ కోచింగ్ అనేది పుట్టింది.

2025లో రాసినవాళ్ళు 22 లక్షల పైన. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు ఎన్ని? దాదాపు లక్షా ఇరవై వేలు. అందులో ప్రభుత్వ కాలేజీలవి సుమారు సగం. మరి ఆ ఏడాది క్వాలిఫై అయినవాళ్ళు ఎంతమంది? 12 లక్షల పైన. సీట్ల కంటే పది రెట్లు! ఎలా? జనరల్ కేటగిరీకి 50వ పర్సంటైల్ దాటితే క్వాలిఫై. అంటే రాసినవాళ్ళలో సగం మంది కన్నా పైన ఉంటే చాలు. అది సగం మార్కులు కాదు, గమనించండి. 2025లో జనరల్‌కు ఆ గీత 144 మార్కుల దగ్గర పడింది. 720కి 144. మన దగ్గర ప్రభుత్వ సీటుకు ఆ మార్కులు ఏ మూలకూ సరిపోవు. కానీ విదేశంలో మెడిసిన్ చదవడానికి చట్టప్రకారం అవి చాలు. ఈ 144 అంకెను గుర్తు పెట్టుకోండి. కన్సల్టెన్సీల వ్యాపారమంతా ఈ గీతకూ అసలు సీటుకూ మధ్య ఉన్న ఖాళీలోనే నడుస్తోంది.

నీట్ క్రూరమైన పరీక్ష అని అందరూ అంటారు. నేనూ అంటాను. ఒక పిల్ల రెండేళ్ళు చదివి, ఆ ఆదివారం జ్వరంతో కూర్చుంటే ఏడాది పోతుంది. 2024 మే 5న జరిగిన పరీక్షలో పేపర్ లీకయింది, 1,563 మందికి గ్రేస్ మార్కులు కలిపి మళ్ళీ తీసేశారు, జూలై 23న సుప్రీంకోర్టు మొత్తం పరీక్షను రద్దు చేయడానికి ఒప్పుకోలేదు. ఆ రెండున్నర నెలలు ఇళ్ళలో ఎంత టెన్షనో, ఇక్కడ ఉన్న కొందరికి నేను చెప్పక్కర్లేదు. అయినా నీట్‌లో ఒక నిజాయితీ ఉంది. రాదంటే రాదని పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే మొహం మీద చెబుతుంది. అప్పటికి పోయింది కోచింగ్ ఫీజు, ఒకటో రెండో ఏళ్ళు. జీవితం ఇంకా చేతిలోనే ఉంటుంది.

అసలు మనకు ఇంత మొరటు పరీక్ష ఎందుకొచ్చింది? ఇంటర్వ్యూ, వ్యాసం, స్వభావ పరీక్ష ఏమీ లేకుండా, గడులు నింపే కాగితాన్నే ఎందుకు నమ్ముకున్నాం? ఆ కథలో మనం కూర్చున్న ఈ రాష్ట్రానికీ, మన తెలుగు రాష్ట్రానికీ పెద్ద పాత్ర ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి మోహినీ జైన్ అనే అమ్మాయి మెడిసిన్ చదవడానికి మన పక్కనే తుమకూరులో ఒక ప్రైవేట్ కాలేజీకి వచ్చింది. బయటి రాష్ట్రం పిల్లలకు ఏడాదికి 60,000 రూపాయలు ఫీజు. ప్రభుత్వ కోటాలో చేరినవాళ్ళకు 2,000. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1992లో కోర్టు క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటుకు వసూలు చేసే డొనేషన్, చెల్లదంది. మరుసటి ఏడాదే ఉన్నికృష్ణన్ కేసు. అది ఆంధ్రప్రదేశ్ మీద వేసిన కేసు. అందులోంచే ఫ్రీ సీటు, పేమెంట్ సీటు పద్ధతి వచ్చింది. నా వయసు వాళ్ళకు ఆ మాటలు బాగా గుర్తుంటాయి.

ఆ తర్వాత కూడా ఎన్ని పరీక్షలు! హైదరాబాద్‌లో ఎంసెట్, ఇక్కడ సీఈటీ, ఇక్కడి ప్రైవేట్ కాలేజీలకు కామెడ్‌కే, ఎయిమ్స్‌కు ఒకటి, జిప్‌మర్‌కు ఒకటి, డీమ్డ్ యూనివర్సిటీలకు ఎవరిది వాళ్ళదే. ఏప్రిల్, మే నెలల్లో తండ్రీ కొడుకులు రైళ్ళలోనే పడుకునేవాళ్ళు. ఒక్కో దరఖాస్తుకు ఒక్కో డీడీ. నీట్ 2013లో మొదటిసారి జరిగింది, అదే ఏడాది జూలైలో కోర్టు కొట్టేసింది, 2016లో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. 2020 నుంచి ఎయిమ్స్, జిప్‌మర్ కూడా ఇందులోనే కలిశాయి. మనిషి మనిషిని చూసి ఎంపిక చేసే చోట డబ్బు, పలుకుబడి, కులం దూరతాయని మనం చూసి చూసి, చివరికి ఎవరి మొహమూ చూడని కాగితాన్ని ఎంచుకున్నాం. నీట్‌ను తిట్టేటప్పుడు ఈ సంగతి మరిచిపోవద్దు.

ఇప్పుడు బ్రిటన్‌కు వెళ్దాం. అక్కడ మెడిసిన్‌కు ఉన్న పరీక్ష యూక్యాట్. బీమ్యాట్ అని ఇంకోటి ఉండేది, 2023తో ఆగిపోయింది. యూక్యాట్‌లో బయాలజీ లేదు. కెమిస్ట్రీ లేదు. ఫిజిక్స్ లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మొత్తం కంఠతా వచ్చినా ఒక్క మార్కు కూడా రాదు. మరి ఏముంది? ఇంగ్లిష్‌లో పేరాలిచ్చి చదివి తేల్చమనే వెర్బల్ రీజనింగ్, 22 నిమిషాల్లో 44 ప్రశ్నలు. ఒక్కోదానికి అర నిమిషం. తర్వాత తర్కం, తర్వాత లెక్కలు. 2025 నుంచి బొమ్మల సెక్షన్ తీసేశారు కాబట్టి ఈ మూడింటికీ కలిపి మార్కులు 900 నుంచి 2,700 మధ్య వస్తాయి. తప్పుకు కోత లేదు. ఏడాదికి ఒక్కసారే రాయాలి, ఆ స్కోరు ఆ ఏడాదికే పనికొస్తుంది.

నాలుగోది ఒకటుంది, సిచ్యుయేషనల్ జడ్జ్‌మెంట్. దీని గురించి కాస్త ఆగి చెబుతాను, నాకు చాలా నచ్చిన భాగం. ఎలా ఉంటుందంటే, నువ్వు వార్డులో మెడికల్ విద్యార్థివి. నీ స్నేహితుడు పేషెంట్ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇప్పుడు నువ్వు ఏం చేయడం సబబు? వాడితోనే మాట్లాడతావా, ప్రొఫెసర్‌కు చెబుతావా, ఊరుకుంటావా? ఒక్కో సమాధానం ఎంత సమంజసమో గుర్తించాలి. నేను ఈ తరహా ప్రశ్నలు మా ఫస్టియర్ పిల్లలకు ఇచ్చేవాణ్ణి. మంచి ర్యాంకులతో వచ్చిన పిల్లలు. చాలామంది "సార్, దీని ఆన్సర్ ఏ చాప్టర్‌లో ఉంటుంది?" అని అడిగారు. వాళ్ళ తప్పు కాదు. అంతకుముందు వాళ్ళను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు.

యూక్యాట్ రాశాక కూడా పని అయిపోదు. పన్నెండో తరగతి మార్కులు, టీచర్ ఇచ్చే రిఫరెన్స్, తర్వాత ఇంటర్వ్యూ. చాలా యూనివర్సిటీల్లో అది మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, అంటే గది తర్వాత గదికి వెళ్తూ కొన్ని నిమిషాల చొప్పున మాట్లాడాలి. మెడిసిన్‌కు నాలుగు యూనివర్సిటీలకే దరఖాస్తు చేయొచ్చు. విదేశీ విద్యార్థులకు సీట్లు మొత్తంలో సుమారు 7.5 శాతమే. అన్ని దేశాల పిల్లలూ దానికే పోటీ. ఫీజుల సంగతి ఎత్తను.

తల్లిదండ్రులు ఎక్కువగా దెబ్బతినేది తేదీల దగ్గర. యూక్యాట్ జూలై నుంచి సెప్టెంబరు లోపల రాయాలి, దరఖాస్తుకు గడువు అక్టోబరు 15. అది మరుసటి ఏడాది సెప్టెంబరులో మొదలయ్యే కోర్సుకు. అంటే మీ అమ్మాయి సెకండ్ పీయూసీలో, అదే మన ఇంటర్ రెండో ఏడాదిలో, చేరిన కొత్తలోనే ఇది అయిపోవాలి. నీట్ మేలో రాసి, ర్యాంకు చూసి, "సరే, యూకే ప్రయత్నిద్దాం" అనుకుంటే అప్పటికి ఆ ఏడాది తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఇంకోటి, చాలా యూనివర్సిటీలు ఏ-లెవెల్స్ (బ్రిటన్ వాళ్ళ పన్నెండో తరగతి లాంటిది) లేదా ఐబీ (అంతర్జాతీయ బోర్డు) అడుగుతాయి. కొన్ని సీబీఎస్ఈ, ఐఎస్సీ తీసుకుంటాయి. స్టేట్ బోర్డు పీయూసీతో దారి ఇంకా ఇరుకు. కాబట్టి అక్కడ వడపోత పదో తరగతి తర్వాత మీరు ఏ బోర్డు ఎంచుకున్నారన్న దగ్గరే మొదలవుతోంది. చాలా ఇళ్ళలో ఆ సంగతి అప్పటికి తెలియదు.

సింగపూర్‌లో కూడా ఇప్పుడు యూక్యాటే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో దాని సోదర పరీక్ష. అక్కడికి నేను ఎక్కువసేపు వెళ్ళను.

అమెరికాలో ఇంటర్ తర్వాత నేరుగా మెడిసిన్ అనేదే సాధారణంగా లేదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ. తర్వాత ఎంక్యాట్. నాలుగు సెక్షన్లు, 230 ప్రశ్నలు, విరామాలతో కలిపి ఏడున్నర గంటలు. స్కోరు 472 నుంచి 528. ఒక సెక్షన్ పూర్తిగా సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం వంటి విషయాల పేరాలు చదివి ఆలోచించడం. జీవితంలో ఏడుసార్లకు మించి రాయకూడదు. అక్కడ వడపోత ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళకు. మన పాస్‌పోర్టుతో దరఖాస్తు తీసుకునే మెడికల్ స్కూళ్ళు తక్కువ, వాటిలో కొన్ని నాలుగేళ్ళ ఫీజు ముందే చూపించమంటాయి. అమెరికాలో డాక్టర్ కావాలన్న మన పిల్లలకు ఇంతకాలంగా నడిచిన దారి వేరే. ఇక్కడ ఎంబీబీఎస్ చేసి, యూఎస్ఎంఎల్ఈ అనే అక్కడి లైసెన్సు పరీక్ష రాసి, రెసిడెన్సీకి, అంటే అక్కడి ఆస్పత్రిలో పీజీ శిక్షణకు, వెళ్ళడం. మన ఇళ్ళలో ప్రతి వీధికీ అలాంటి అన్నయ్యో అక్కో ఉంటారు.

ఇటలీ గురించి చాలామందికి తెలియదు, అందుకని ఒక మాట. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంగ్లిష్‌లో మెడిసిన్ ఉంది, దానికి ఐమ్యాట్ అనే పరీక్ష. 100 నిమిషాలు, 60 ప్రశ్నలు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలతో పాటు కాస్త తర్కం ఉంటుంది. నీట్‌కు చదివిన పిల్లలకు ఇది పరాయిగా అనిపించదు. ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి తక్కువే. కానీ మనలాంటి దేశాల వాళ్ళకు సీట్లు తక్కువ. వార్డులోకి వెళ్ళేసరికి ఇటాలియన్ మాట్లాడాలి. జర్మనీకైతే ముందు జర్మన్ భాషే ఒక ఎంట్రన్స్.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. ఈ హాల్లో ఎక్కువమంది ఆలోచిస్తున్నది బ్రిటన్, అమెరికాల గురించి కాదని నాకు తెలుసు. రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, ఫిలిప్పీన్స్. బ్రోషర్లు మీ చేతుల్లోనే ఉన్నాయి. "ఎంట్రన్స్ లేదు, డొనేషన్ లేదు, నీట్ క్వాలిఫై అయితే చాలు."

ఒక్క ప్రశ్న అడుగుతాను. రష్యాలో రష్యన్ పిల్లలకు మెడిసిన్‌కు ఎంట్రన్స్ ఉందా లేదా? ఉంది. దేశవ్యాప్త పరీక్షలో బయాలజీ, కెమిస్ట్రీ, రష్యన్ భాష రాయాలి. జార్జియాలో జార్జియన్ పిల్లలకు జాతీయ పరీక్ష ఉంది. మరి మన పిల్లలకు ఎందుకు మినహాయింపు? మన పిల్లలు డాలర్లలో ఫీజు కడతారు, చదివాక ఆ దేశంలో వైద్యం చేయరు. వాళ్ళ రోగుల్ని ముట్టుకోని డాక్టరును వాళ్ళు ఎందుకు వడపోస్తారు? ఆ పని మనకు వదిలేశారు. మనం చేస్తున్నాం, ఆరేళ్ళ తర్వాత.

దాని పేరే ఎఫ్ఎంజీఈ, విదేశంలో మెడిసిన్ చదివినవాళ్ళు ఇక్కడ వైద్యం చేయాలంటే పాస్ కావాల్సిన పరీక్ష. ఏడాదికి రెండుసార్లు. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, తప్పుకు కోత లేదు. వినడానికి నీట్ కన్నా తేలికగా ఉంది కదా? ర్యాంకు అక్కర్లేదు, సగం మార్కులు చాలు. కానీ ఇటీవలి సెషన్లలో పాసైనవాళ్ళు మూడో వంతు కూడా లేరు. చాలాసార్లు ఐదుగురిలో ఒకరు. మిగతా నలుగురు ఎక్కడున్నారు? ఇక్కడే, మన బెంగళూరులో, హైదరాబాద్‌లో, హాస్టళ్ళలో ఉండి మళ్ళీ కోచింగ్ తీసుకుంటున్నారు. ఇరవై ఐదేళ్ళ పిల్లలు. పేరు ముందు డాక్టర్ అని ఊళ్ళో పిలుస్తారు, స్టెతస్కోప్ పెట్టుకునే హక్కు లేదు. నా దగ్గరికి ఫిజియాలజీ చెప్పించుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరు. తెలివితక్కువ పిల్లలు కారు. అక్కడ పాఠం ఇంగ్లిష్‌లో చెప్పారు, పేషెంట్ రష్యన్‌లో మాట్లాడాడు, ఈ పిల్ల మంచం పక్కన నిలబడి వచ్చేసింది. ఆరేళ్ళలో ఒక్క కేసు షీటూ సొంతంగా రాయలేదు. అలాంటి పిల్లను ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వడపోస్తున్నాం. ఇల్లు తాకట్టులో ఉంది. ఆ తండ్రి ఎవరికి చెప్పుకోవాలి?

పాసైనవాళ్ళు లేరా? ఉన్నారు. మంచి డాక్టర్లున్నారు. నేను వాళ్ళ చేత వైద్యం చేయించుకుంటాను, ఏ సంకోచమూ లేదు. వాళ్ళు మొదటి రోజు నుంచే ఎఫ్ఎంజీఈని తమ అసలు ఎంట్రన్స్‌గా లెక్కపెట్టుకుని చదివినవాళ్ళు, అక్కడి భాష మొదటి ఏడాదే నేర్చుకున్నవాళ్ళు.

విదేశీ మెడికల్ డిగ్రీల మీద మన నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నియమాలు కూడా చెప్పాలి. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మాధ్యమంలో, ఒకే కాలేజీలో. ఆ తర్వాత అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్. తిరిగొచ్చాక ఇక్కడ మరో 12 నెలలు. చేరిన పదేళ్ళ లోపు పూర్తి కావాలి. ముఖ్యమైంది ఇది, ఆ డిగ్రీతో ఆ దేశంలోనే అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసుకు లైసెన్సు వచ్చేలా ఉండాలి. ఫిలిప్పీన్స్‌లో నాలుగేళ్ళ ఎండీ కోర్సు ఈ 54 నెలల దగ్గరే చిక్కుకుంది. మధ్యలో దేశం మారితే ఏమవుతుందో 2022లో యుక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లల్ని చూశాం. నీట్ లేకుండా వెళ్తానంటే 2018 నుంచి కుదరదు. విదేశీ చేరికకు నీట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. ఏజెంటు ఏది చెప్పినా ఈ నియమాల కాగితం ముందు పెట్టి, ఒక్కో షరతుకూ కాలేజీ నుంచి రాతపూర్వకంగా సమాధానం అడగండి. రాసివ్వని కాలేజీకి అడ్వాన్సు కట్టొద్దు.

బెంగళూరు తెలుగువాళ్ళకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఇంకొకటి. ఇంట్లో తెలుగు, ఊరు అనంతపురమో నల్గొండో, పిల్లవాడి చదువు ఇక్కడ. ఏ రాష్ట్రంలో లోకల్? కర్ణాటకలో మామూలు నియమం, ఒకటి నుంచి పీయూసీ దాకా కనీసం ఏడు విద్యా సంవత్సరాలు ఇక్కడ చదివి ఉండాలి, పదో తరగతి, పీయూసీ ఎక్కడ పాసయ్యారో కూడా చూస్తారు. ఆంధ్ర, తెలంగాణల్లో మామూలుగా ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదవాలి. తెలంగాణ నియమాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. చూశారా? కోచింగ్ బాగుంటుందని పదో తరగతి తర్వాత పిల్లవాణ్ణి విజయవాడ పంపిస్తారు. అక్కడ నాలుగేళ్ళు కావు, రెండే. ఇక్కడ పీయూసీ లేదు. అక్కడ లోకల్ కాడు, ఇక్కడి అర్హత కూడా చూసుకోవాలి. రెండూ పోతే మిగిలేది 15 శాతం ఆల్ ఇండియా కోటా, డీమ్డ్ కాలేజీలు. ఇది కూడా వడపోతే, పరీక్ష రాయకముందే జరిగిపోయేది. పంపించే ముందు ఆ ఏడాది కేఈఏ (కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ) బ్రోషర్ తీసి అర్హత క్లాజులు స్వయంగా చదవండి. పక్కింటాయన మాట మీద వెళ్ళొద్దు.

అమెరికాలో పుట్టి ఇక్కడ పెరుగుతున్న పిల్లలున్నవాళ్ళు చేతులెత్తండి... చాలామందే ఉన్నారు. 2021 మార్చి 4 నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు, అంటే విదేశీ పౌరసత్వం ఉండి భారత సంతతి కార్డు ఉన్నవాళ్ళు, ఎన్నారై సీట్లకే అర్హులు. ఆ తేదీకి ముందే ఓసీఐ హక్కులు పొందినవారికి అది వర్తించదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కార్డు మీద తేదీ ఈరోజే చూసుకోండి.

నన్నడిగితే మన పరీక్షలో ఏం మారాలి? ఇంటర్వ్యూ వద్దు. ఎందుకు వద్దో ఇందాక చెప్పాను. కానీ జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు పెడుతున్నాం కదా, మెడిసిన్ పిల్లలకు ఆ రెండో అవకాశం ఎందుకు ఇవ్వకూడదు? ఒక జ్వరం, ఒక ట్రాఫిక్ జామ్ వాళ్ళ ఏడాదిని తీసుకుపోకూడదు. వార్డులో స్నేహితుడు ఫోటో తీశాడన్న ప్రశ్న ఉంది చూశారా, అలాంటివి పది చేర్చినా చాలు, కోచింగ్ సెంటర్లు కూడా పేషెంట్ గురించి మాట్లాడక తప్పదు. విదేశం వెళ్ళేవాళ్ళకు 144 గీతను పైకి జరపాలి. ఇది వింటే కొందరికి కోపం వస్తుంది. వెళ్ళే దారి మూసేస్తున్నారంటారు. పద్దెనిమిదేళ్ళప్పుడు వద్దని చెప్పడం, పాతిక లక్షలు తీసుకుని ఇరవై ఐదేళ్ళప్పుడు వద్దనడం, ఈ రెండింట్లో ఏది దయ? మొదటిదే అని నా నమ్మకం. ఆ పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాను కాబట్టి చెబుతున్నాను.

నేను చెప్పాల్సింది చెప్పాను. బ్రోషర్లు తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి, షరతులు ఒక్కొక్కటీ కలిసి చూద్దాం. ప్రశ్నలు మాత్రం ముందు పిల్లలు అడగాలి. మైకు అటు ఇవ్వండి బాబూ, ఆ నీలం చొక్కా అబ్బాయికి.